ఆవని వాన, కచేరి లెక్క

ఆవని యనగానే మనవారికి సీతమ్మ కొండయు, రామలింగేశ్వరుని గుళ్లును జ్ఞప్తికి వచ్చును. వాల్మీకి మహర్షి ఆశ్రమము ఇచ్చటనే యుండెననియు, కుశలవులు ఇచ్చటనే పుట్టిరనియు స్థలపురాణము చెప్పును. శివరాత్రికి జరుగు పశువుల జాతర ములబాగిలు తాలూకాకే గాక చుట్టుప్రక్కల సీమలకెల్ల తెలిసినదే. మేము ఈ వ్యాసమున వ్రాయబూనినది గుళ్లను గూర్చి కాదు. ఆ గుళ్ల చెంతనున్న చెరువులను గూర్చి, ఆ చెరువులపై కురియు వానను గూర్చి, ఆ వానకు లెక్క కట్టి పేరు పెట్టు కచేరీలను గూర్చి.

శీతోష్ణస్థితి మారిపోయినదని నేడు లోకమంతయు చెప్పుకొనుచున్నది. మేము బడిలో చదువుకొన్న భూగోళమున ‘శీతోష్ణస్థితి’ యన్న మాటయే యుండెను. ఇప్పటి పత్రికలు ‘వాతావరణ మార్పు’ అనుచున్నవి. ఏ మాటైనను సరియే. మాకు తోచిన ప్రశ్న వేరు. వాన తగ్గినది, ఎండ పెరిగినది అను సంగతి మన సీమ జనులకు ఎవరు తెలిపిరి? ఏ మాటలతో తెలిపిరి? ఆ మాటలను బట్టి జనులు దేనిని కన్నులార చూచిరి, దేనిని చూడ మానిరి? ఈ ప్రశ్నకు ఆవని చుట్టుప్రక్కల చరిత్రలో మంచి సమాధానము దొరకునని మా నమ్మకము.

మొదట శాసనముల కాలము. లూయీ రైసు దొర కూర్చిన కోలారు జిల్లా శాసనముల సంపుటము 1905లో వెలువడెను. అందు ఆవని శాసనములలో త్రిభువనకర్త యను శైవాచార్యుని ప్రశంస కలదు. 10వ శతాబ్దిలో, నొళంబ రాజుల కాలమున, ఆయన 40 ఏండ్లు ఆవని స్థానమును పాలించి, 50 గుళ్లును రెండు పెద్ద చెరువులును కట్టించెనట. గుడిని కట్టినవాడే చెరువును కట్టెనన్న మాట గమనింపదగినది. అదే శతాబ్దిలో పాలేటి మీది బేతమంగళము చెరువు తెగిపోగా నొళంబ రాజు దానిని బాగుచేయించినట్లును శాసనము కలదు. ఇట్టి శాసనములలో ఈ ఏడు వాన తక్కువ, ఆ ఏడు ఎక్కువ అన్న లెక్క లేదు. ఎవడు కట్ట పోసెను, ఎవడు తూము పెట్టెను, ఎవనికి ఎంత మాన్యము దక్కెను అనునదే యున్నది. వాన దేవునిది, చెరువు మనది అన్నట్లుండెను ఆ కాలపు చూపు. కోలారు జిల్లాలో ఏడాది పొడుగున పారు నది ఒక్కటియు లేదు. చిక్కబళ్లాపురము వేరు కాకముందు, అనగా 2007కు పూర్వము, ఈ జిల్లాలో నాలుగు వేలకు మించి చెరువులుండెను. ఒక చెరువు మరవ నీరు దిగువ చెరువున పడునట్లు గొలుసు కట్టుగా వానిని అమర్చిరి. కరువు వచ్చిన ఏట జనులు ఆకాశమును చూచుటతో ఆగక, కట్టను, కాలువను, పూడికను గూడ చూచెడివారు. చూచుటకు వారికి కారణముండెను. దశబంధము, కట్టుకొడిగె అను పేళ్లతో చెరువును కాచినవారికి భూమి దక్కెను. నీరుగంటికి ఆయకట్టులో పాలు దక్కెను.

వానను గూర్చి జనులకు చెప్పు సంస్థ యొకటి అప్పుడును లేకపోలేదు. అది పంచాంగము. ఉగాది నాడు గుడిలో పంచాంగ శ్రవణము జరుగును. ఈ ఏటి మేఘాధిపతి ఎవరు, సస్యాధిపతి ఎవరు, వాన ఎన్ని ఆఢకములు, అందులో సముద్రమున కెంత, కొండల కెంత, భూమి కెంత అని అయ్యవారు చదువును. దీనిని చూచి నవ్వువారు గలరు. మేము నవ్వము. అది నిజమగునని కాదు. సముద్రముపాలు, కొండలపాలు పోగా మనకు మిగులునది కొంతయే యన్న భావము అందున్నది. కార్తెల లెక్క యంతకంటె పనికివచ్చునది. మృగశిర, ఆరుద్ర, పునర్వసు అని విత్తనముల వేళను, హస్త, చిత్త, స్వాతి అని చెరువు నిండు వేళను రైతు గుర్తుంచుకొనెను. కొలత ‘పదును’. నాగలి దిగినంత పదునా, మట్టి పైన తడిసినంత పదునా అని చేతితో చూచెడివారు. కొందరు పెద్దలు పంచాంగము అంచులలో ఏ కార్తెలో ఏ నాడు పదును వాన పడినది వ్రాసియుంచెడివారు. దాని సంగతి తరువాత.

ఈ చూపు మొట్టమొదట మారినది ధాత కరువున. 1876 నుండి 1878 వరకు మైసూరు సీమ నంతటిని ఆ కరువు దహించెను. 1871 జనాభా లెక్కలో మైసూరు సంస్థాన జనులు 50,55,102. పదేండ్ల తరువాత 1881లో 41,86,188. ఆ నడుమ పుట్టినవారిని గూడ లెక్కించినచో నష్టమెంతయో చదువరులే యూహింపగలరు. ఆ దెబ్బతో ఇంగ్లీషు ప్రభుత్వము కరువు విచారణ సంఘమును నియమించెను. 1880లో నివేదిక వచ్చెను. 1883లో కరువు నిబంధనల సంపుటము వచ్చెను. అంతకు పూర్వమే 1875లో భారత వాతావరణ శాఖ పుట్టియుండెను.

ఈ మూడింటి ఫలితముగా ఒక క్రొత్త సంగతి జరిగినది. అంతవరకు కరువు అనుభవించునది. అటుపిమ్మట కరువు ప్రకటింపబడునది. కచేరి వ్రాసిననాడు కరువు, వ్రాయనినాడు కాదు. మేము గుమాస్తాగా కొలువు చేసిన దినములలో పల్లెలనుండి వచ్చు రైతులు మమ్ము అడుగు మాట ఒక్కటే: “ఏమన్నా, మా హోబళికి కరువు రాసినారా?” చేను ఎండినదని వారు మాకు చెప్పనక్కరలేదు, ఎండినదని వారికే తెలియును. వారికి కావలసినది వ్రాత. ఇది కచేరీల తప్పని మేము అనము. వ్రాత లేనిది రొక్కము రాదు, పశువులకు గడ్డి రాదు, కూలిపని రాదు. కాని వ్రాతకై ఎదురుచూచు కన్ను చెరువు కట్టమీదినుండి మెల్లగా తొలగినది.

తొలగుటకు ఇంకొక కారణము 1961 నాటి గ్రామోద్యోగముల రద్దు చట్టము. పటేలు, శానుభోగు, తోటి, తలారి, నీరుగంటి అను వంశపారంపర్యపు కొలువులు దానితో పోయినవి. వంశమున పుట్టినంత మాత్రమున ఉద్యోగము దక్కుట న్యాయము కాదు. తోటివాడు తరతరములుగా తోటివాడై యుండుట అంతకంటె న్యాయము కాదు. ఆ చట్టము అవసరమే. అయితే నీరుగంటి పోగా ఆ పనిని చేయువాడు రాలేదు. పెద్ద చెరువులు చిన్న నీటిపారుదల శాఖకును, చిన్నవి పంచాయతులకును చెందినవి. చెరువు సర్కారుదైనది. సర్కారుదానిలో పూడిక తీయుటకు ఊరివాడు గంప ఎత్తునా?

ఇక వాతావరణ శాఖ సంగతి. ఈ శాఖ మీద మాకు గౌరవము కలదు. ఒక శతాబ్దమునకు మించి దినదినము ఉదయమున వాన కొలిచి వ్రాసిన శాఖ లోకమున ఎన్ని దేశములకు కలదు? మొదటి అధికారియగు బ్లాన్‌ఫర్డు దొర హిమాలయపు మంచును బట్టి 1886 నుండి వానల జోస్యము ప్రకటింప మొదలిడెను. 1899లో మంచి వానలు వచ్చునని చెప్పగా ఘోరమైన కరువు వచ్చెను. పత్రికలు శాఖను దుయ్యబట్టినవి. అటుపై కొన్నేండ్లు జోస్యమును జనులకు తెలుపక ప్రభుత్వమునకు మాత్రమే రహస్యముగా పంపిరి. 1904లో వచ్చిన వాకరు దొర లోకమందలి గాలి ఒత్తిళ్లను సరిపోల్చి, పసిఫికు సముద్రమునకును మన వానలకును గల లంకెను కనిపెట్టెను. నేడు పత్రికలలో చదువు ‘ఎల్ నినో’ కథకు మూలము అదియే. జోస్యము తప్పినప్పుడు దానిని దాచుటయా, దాని లోపమును వెదకుటయా యన్నది ఒకే శాఖలో పదేండ్ల లోపల రెండు విధముల జరిగినది.

అమెరికా దేశపు కథ యొకటి ఇచ్చట చెప్పవలెను. అచ్చటి పడమటి మైదానములు వాన తక్కువ సీమలు. 1870, 1880 ప్రాంతముల భూములమ్ము కంపెనీలును, రైలు కంపెనీలును, కొందరు పండితులును కలిసి ‘నాగలి వెంట వాన వచ్చును’ అని ప్రచారము చేసిరి. దున్నినకొలది వానలు పెరుగునని నమ్మి జనులు వెళ్లిరి. 1930 ప్రాంతముల ఆ దున్నిన మన్ను ధూళితుపానులై లేచి ఆకాశమును కప్పెను. 1935లో ఆ ప్రభుత్వమే భూసార రక్షణకు శాఖను పెట్టవలసి వచ్చెను. వానను గూర్చి జనులు నమ్మునది వానను బట్టియే యుండదు. చెప్పువాని అవసరమును బట్టియు నుండును.

మన కచేరి లెక్కకు వత్తము. లెక్కలో ‘సాధారణము’ అను మాట కలదు. ఇది చాల మెత్తని మాట, చాల మోసకరమైన మాట. వారము వారము వానను ప్రకటించునప్పుడు సగటుకంటె నూటికి 19 తక్కువనుండి 19 ఎక్కువ వరకు ఎంత కురిసినను వాతావరణ శాఖకు అది సాధారణమే. 81 వంతులు కురిసిన ఏడును 119 వంతులు కురిసిన ఏడును ఒకే పేరు మోయును. వేరుసెనగ వేసినవాని కీ రెండును ఒకటి కావు. పోనిండు, సగటు ఏది? దేశమంతటికి జూను మొదలు సెప్టెంబరు వరకు కురియు వాన సగటు 1961–2010 లెక్కలో 88 సెంటీమీటర్లు. 2022లో దానిని సవరించి 1971–2020 లెక్కన 87 సెంటీమీటర్లుగా పెట్టిరి. ఇందు కుట్రయేమియు లేదు, పదేండ్ల కొకసారి సగటును మార్చుట లోకమంతట నున్న పద్ధతియే. అయినను కొలకర్రయే మెల్లగా పొట్టిదగుచున్నప్పుడు, దానితో కొలిచిన బట్ట పొడవు తగ్గినట్లు కనబడదు.

మన కోలారు సీమకు ఇంకొక చిక్కు గలదు. వాతావరణ శాఖ దేశమును ఉపవిభాగములుగా పంచినది. మనము ‘దక్షిణ ఒళనాడు కర్ణాటక’ యను ఉపవిభాగమున నున్నాము. కొడగు, చిక్కమగళూరు, హాసనము గూడ ఇందులోనివే. కొడగులో కుండపోతగా కురిసిన వానయు, ఆవనిలో కురియని వానయు కలిపి సగటు కట్టినచో వార్తలలో సాధారణమని వచ్చును. బెంగళూరునగాని, కోలారు గనులలోగాని యున్న మన బంధువులు ఆ వార్త విని, ఈ ఏడు ఊరిలో వానలు బాగున్నవట గదా యని ఉత్తరము వ్రాసెడివారు. అంతేకాక, వానకాలమనగా జూను నుండి సెప్టెంబరు అని వార్తల లెక్క. మనకు ఏటికి వచ్చు సుమారు 740, 750 మిల్లీమీటర్లలో పెద్ద పాలు సెప్టెంబరు, అక్టోబరు మాసములది. హస్త, చిత్త, స్వాతి వానలే మన చెరువులను నింపవలెను. వానల గుణమున మనము చిత్తూరు, అనంతపురము సీమలకు చుట్టములము. లెక్కలో కొడగునకు తోడబుట్టినవారము. ఈశాన్యపు వానలకు శాఖ వేరుగ జోస్యము చెప్పుచున్నది, అందులో రాయలసీమతో పాటు మన ఉపవిభాగమును చేర్చినది, అది న్యాయమే. కాని జూనులో కేరళ తీరమున మొదటి చినుకు పడినప్పుడు పత్రికలు వేయు తాటికాయంత యక్షరములు అక్టోబరులో కనబడవు.

2016లో శాఖ మరియొక పని చేసినది. ‘కరువు సంవత్సరము’ అను మాటను విడిచి ‘లోటు సంవత్సరము’, ‘అధిక లోటు సంవత్సరము’ అను మాటలను పెట్టినది. కరువును ప్రకటించుట రాష్ట్ర ప్రభుత్వముల పని, వాన కొలుచుట మాత్రమే తన పని యని దాని వాదము. వాదము సబబే. ఆ యేడే కేంద్ర వ్యవసాయ శాఖ కరువు నిర్ణయమునకు క్రొత్త నియమములను తెచ్చినది. వాన లోటు ఒక్కటి చాలదు. పంట విస్తీర్ణము, ఉపగ్రహ చిత్రములు, నేల తేమ, నీటిమట్టము అన్నియు చూడవలెను. పదింట ఒక గ్రామమున చేలను తిరిగి పరిశీలింపవలెను. అప్పుడు కరువు ‘తీవ్రము’ కావచ్చును, ‘మధ్యమము’ కావచ్చును. తీవ్రమైననే కేంద్ర సహాయ నిధికి అర్హత. మధ్యమమునకు పేరున్నది, రొక్కము లేదు. 2023లో వానలు తప్పినప్పుడు కర్ణాటక ప్రభుత్వము 236 తాలూకాలలో 223 తాలూకాలను కరువు సీమలుగా ప్రకటించెను. సహాయమునకై 18,171 కోట్ల రూపాయలు అడిగెను. రానందున 2024లో సర్వోన్నత న్యాయస్థానమునకు పోయెను. ఆ పిమ్మట కేంద్రము విడిచినది 3,454 కోట్లు. ఎవరిది న్యాయమో తేల్చుట మా వంటి గుమాస్తాల పని కాదు. కాని ఆ నెలలలో పత్రికలు చదివినవారికి కరువనగా రెండు ప్రభుత్వముల వ్యాజ్యముగా కనబడెను. ఎండిన చేను ఆ కాగితముల చాటున పడిపోయెను.

మంచి పని జరుగలేదని చెప్పిన అన్యాయమగును. 1988లో కర్ణాటకమున కరువు పరిశీలన కేంద్రము నెలకొల్పబడెను. దేశమున అట్టిది అదే మొదటిది. వింత యేమన, లోకమునకు శీతోష్ణస్థితిని గూర్చి చెప్పు అంతర్జాతీయ ప్రభుత్వముల పండిత మండలియు అదే 1988లో పుట్టినది. రెండింటిలో ఒకటి భూగోళమును చూచెను, ఒకటి హోబళిని చూచెను. కాలక్రమమున మన కేంద్రము గ్రామ పంచాయతీకొక వర్షమాపకము చొప్పున తనంత తానే లెక్క పంపు యంత్రములను నిలిపెను. పూర్వము తాలూకా కేంద్రమున కురిసినదే తాలూకాకంతటికి వాన. ములబాగిలు పేటలో ఒక జల్లు పడినచో ఆవనిలోను పడినట్లే పుస్తకమున చేరెడిది. ఇప్పుడు ఏ పంచాయతి ఎండినదో, ఏది తడిసినదో వేరువేరుగ కనబడుచున్నది. ఇట్టి మార్పును గూర్చి సభలు జరుగవు, పత్రికలు వ్రాయవు. కాని ధాత కరువు తరువాత మన సీమలో వాన లెక్కకు జరిగిన పెద్ద మేలు ఇదియేనని మా యభిప్రాయము.

2008లో కేంద్ర ప్రభుత్వము శీతోష్ణస్థితి మార్పును ఎదుర్కొనుటకు 8 కార్యములతో జాతీయ ప్రణాళికను ప్రకటించెను. తరువాత రాష్ట్రములును తమ తమ ప్రణాళికలు వ్రాసికొనెను. అప్పటినుండి సర్కారు కాగితములలో ఈ మాట విరివిగా వాడబడుచున్నది. మాట నిజము. 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖవారు వెలువరించిన నివేదిక ప్రకారము 1901 నుండి 2018 వరకు మన దేశపు సగటు వేడిమి సుమారు 0.7 డిగ్రీలు పెరిగెను. 1951 నుండి 2015 వరకు జూను–సెప్టెంబరు వాన నూటికి 6 వంతుల మేర తగ్గెను. కురిసినప్పుడు మాత్రము ఒక్కుమ్మడిగా కురియుట పెరిగెను. దీనిని కాదను ధైర్యము మాకు లేదు, అవసరమును లేదు.

మా సందేహము వేరొక చోట నున్నది. మన చెరువులు ఎండినది శీతోష్ణస్థితి వలననేనా?

నందికొండల దగ్గర పుట్టిన అర్కావతి నది మన పాలేటికి ఇరుగుపొరుగు. అర్కావతి నీటితో నిండవలసిన తిప్పగొండనహళ్లి జలాశయమునకు నీరు ఏల తగ్గెనని బెంగళూరి పరిశోధకులు వెదకి 2015లో వ్యాసము ప్రకటించిరి. వాన తగ్గెనా? వేడిమి పెరిగెనా? ఆ రెండును అంత తగ్గుదలకు చాలిన కారణములు కావని వారు తేల్చిరి. గొట్టపు బావులతో నేలలోని నీటిని తోడివేయుటయు, నీలగిరి తోపులును ముఖ్య కారణములుగా వారికి కనబడినవి. కోలారు సంగతి ఇంతకు భిన్నమని మేము తలపము. మన జిల్లా తాలూకాలు భూగర్భజల శాఖవారి లెక్కలో ‘అతివినియోగము’ క్రిందివి. ఏటేట నేలలో దిగు నీటికంటె తోడునది ఎక్కువ. వేయి అడుగులు దాటి బావులు వేసినను నీరు పడని ఊళ్లున్నవి. పడిన నీటిలో ఫ్లోరైడు. ఎట్లు వచ్చెను ఈ స్థితి? బావులకు బ్యాంకులు అప్పులిచ్చినవి. పది హెచ్.పి. వరకు పంపుసెట్లకు ప్రభుత్వము ఉచితముగా విద్యుత్తు నిచ్చినది. ఎవరును చెడు తలంపుతో ఈయలేదు. రైతు బ్రతుకవలెనని ఇచ్చిరి. కోలారు టమాట నేడు దేశపు పెద్ద సంతలలోనికి పోవుచున్నదనగా ఆ నీటి వలననే. మన ఇండ్లలో పలువురు పిల్లలు ఆ టమాట మీదనే చదువుకొనిరి. ఆ సంగతి మరచి రైతును నిందింపరాదు.

నీలగిరి కథయు ఇట్టిదే. సామాజిక వనములని 1970, 1980 ప్రాంతముల అడవి శాఖ మొక్కలు పంచినది. ప్రపంచ బ్యాంకు ధనమును తోడైనది. చెట్లున్న వానలు వచ్చునని బడి పిల్లలచే చెప్పించిన కాలమది. రాగి చేలు నీలగిరి తోపులైనవి. కొయ్య మిల్లులకు పోయినది. వందనా శివ మొదలగువారు 1981లోనే కోలారు జిల్లాను తిరిగి, తిండిగింజల భూమి తరిగిపోవుచున్నదని వ్రాసిరి. అప్పుడు ఆ మాటను శాఖవారు ఒప్పుకొనలేదు. 2017లో కర్ణాటక ప్రభుత్వమే క్రొత్తగా నీలగిరి నాటరాదని ఉత్తరువు చేసినది. నడుమ 36 ఏండ్లు.

ఇప్పుడు చూడుడు. బావికి అప్పిచ్చినది సంస్థ. విద్యుత్తు నిచ్చినది సంస్థ. నీలగిరి మొక్క నిచ్చినది సంస్థ. చెరువు ఎండిన పిమ్మట ఆ సంస్థల కాగితములలో కారణము ‘శీతోష్ణస్థితి మార్పు’ అని వ్రాయబడినచో, నేరము ఎక్కడో సముద్రముల కావల పొగగొట్టముల మీదికి పోవును. ఇచ్చటివారు ఎవరును జవాబు చెప్పనక్కరలేదు. నిజమైన మాటను తప్పు చోట వాడుట యిది. జనులును దానిని సులువుగా నమ్ముదురు, ఏలయన ఆ మాట ఊరిలో ఎవరిని నొప్పింపదు.

కోలారు గనుల ఊరు ఇందుకు మరియొక దృష్టాంతము. గనుల కంపెనీ కాలమున బేతమంగళము చెరువునుండి గొట్టములతో నీరు వచ్చెను. చిత్తూరు సీమనుండి వచ్చి స్థిరపడిన మన తెలుగు కుటుంబములు ఆ కుళాయి నీటితో రెండు మూడు తరములు గడిపినవి. కుళాయి తిప్పిన నీరు వచ్చు ఇంటిలో కరువు ఊరి ఉత్తరములో వచ్చు వార్త మాత్రమే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. నీళ్ల బండి వెనుక బిందెలతో నిలుచుండు దినములు వచ్చిన తరువాతనే పాలేరు ఎండినదన్న సంగతి ఆ ఊరికి బోధపడినది. ఏరు మాత్రము అంతకు చాలయేండ్లకు ముందే ఎండినది.

నీటికై పోరాటములు జరిగినవి. శాశ్వత నీటిపారుదల కావలెనని 2016 మార్చిలో మన జిల్లాల రైతులు ట్రాక్టర్లతో బెంగళూరికి బయలుదేరిరి. మధ్య దారిలో పోలీసులతో ఘర్షణయు జరిగెను. ఎత్తినహొళె పథకమునకు 2014లో శంకుస్థాపన యైనది. పడమటి కనుమల వాగులనుండి 24 టి.ఎం.సి.ల నీరు దొరకునని ప్రభుత్వపు లెక్క, 9.55 టి.ఎం.సి.లకు మించి లేదని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకుల లెక్క. ఒకే వాగు, ఒకే వాన, రెండు సంస్థలు, రెండు అంకెలు. 2024 సెప్టెంబరులో మొదటి దశ ప్రారంభింపబడెను. ఈలోగా 2018లో కోరమంగళ–చల్లఘట్ట లోయ పథకము వచ్చినది. బెంగళూరి మురుగును శుద్ధిచేసి దినమునకు 44 కోట్ల లీటర్ల చొప్పున మన జిల్లాలో 126 చెరువులకు పంపుట దాని యుద్దేశము. మొదటనే నురుగు కనబడగా వ్యాజ్యమై, సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయి, 2019లో నీరు మరల విడువబడినది. రెండు మెట్ల శుద్ధి చాలునని ప్రభుత్వము, మూడవ మెట్టు కావలెనని పోరాడువారు. బావులలో నీరు పైకి వచ్చినదని ఆ నీరు చేరిన ఊళ్లవారు సంతోషించిరి. త్రాగవచ్చునా యన్న ప్రశ్నకు ఒక్కొక్క కచేరి ఒక్కొక్క విధముగా చెప్పినది. చెరువును చూచి ఈ నీరు వానదా, పట్నపుదా యని అడుగవలసిన కాలము త్రిభువనకర్తకు కలనైనను తోచియుండదు.

తరువాత 2021 నవంబరు వచ్చినది. విశాఖ, అనూరాధ కార్తెలలో అట్టి వాన మా యెరుకలో లేదు. ఏండ్ల తరబడి ఎండియున్న చెరువులు ఒకదాని వెంట నొకటి మరవ పారినవి. పాలేరు పారినది. జనులు పసుపు కుంకుమలతో కట్టలకు పోయి గంగపూజలు చేసిరి. కాని పలుచోట్ల మరవ కాలువలు ఆక్రమణలో నుండెను, రాజకాలువలు పూడియుండెను, కట్టలపై చెట్లు మొలిచి యుండెను. నీరు తన పాత త్రోవను వెదకుకొని చేలమీదను ఇండ్లలోను పడెను. కురియని ఏండ్లను గూర్చి లెక్కలు వ్రాసిన కచేరీలు, ఒక్కుమ్మడిగా కురియు దినమును గూర్చి మరవలను సరిచూడలేదు. శీతోష్ణస్థితి మారినదని నిజముగా నమ్మినవారు మొదట చూడవలసినది మరవనే గదా! ఏలయన వేడెక్కిన ఆకాశము ఎక్కువ ఆవిరిని పట్టి ఒక్కసారిగా విడుచునని శాస్త్రజ్ఞులే చెప్పుచున్నారు. కాగితములలో ఆ మాట వాడువారు దానిని నమ్ముచున్నారా, లేక కేవలము వ్రాయుచున్నారా యని అప్పుడు మాకు సందేహము కలిగెను.

పంచాంగముల సంగతి తరువాత చెప్పెదమంటిమి. తాలూకా కేంద్రమున కొలిచిన వాన లెక్క సర్కారు పుస్తకములలో భద్రముగ నున్నది. కాని పంచాయతీలలో యంత్రములు వెలయుటకు పూర్వము ఆవనిలోను, చుట్టుపట్ల పల్లెలలోను ఏ నాడు పదునైనది, ఏ నాడు చెరువు మరవ పోయినది తెలుపు వ్రాతలు మన తాతల పంచాంగముల అంచులలో దప్ప మరెక్కడను దొరకవు. అందు పెక్కు తెలుగులిపిలో నున్నవి. మన పిల్లలు కన్నడమున చదువుకొనినందున చదువలేక, సంక్రాంతికి ఇల్లు దులుపునప్పుడు పాత కాగితములవానికి వేయుచున్నారు. మా బంధువుల ఇంటిలో అట్టివి కొన్ని మేము చూచితిమి. స్వాతి వాన, రెండు పదునులు, పెద్ద చెరువు నాలుగవ మెట్టు అని పెన్సిలుతో వ్రాసియుండెను. ఈ సంచిక చదువు కుటుంబములలో ఎవరి ఇంటనైన అట్టి పంచాంగములున్నచో పారవేయక సంఘమువారికి తెలుపవలెను. చదువలేనివారికి చదివి పెట్టుటకును, తేదీలను వరుసగా ఎత్తి వ్రాయుటకును మావంటి పింఛనుదారులము నలుగురము సిద్ధముగ నున్నాము.